రవీందర్ హెడ్‌కౌంట్

శుక్రవారం ఉదయం రాయదుర్గం ఆఫీసులో రవీందర్ ప్రొజెక్టర్ వేసి, కాకినాడ టూరు ప్రణాళికను టీముకు సగర్వంగా చూపించాడు. శనివారం తెల్లవారుజామున అయిదింటికి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం, తొమ్మిదింటికి మడ అడవుల్లో పడవ షికారు, పదకొండింటికి నీటికుక్కల దర్శనం. ఆ నీటికుక్కలకు సరిగ్గా పావుగంట కేటాయించాడు మహానుభావుడు. చివర్లో ఎర్ర అక్షరాలతో ఒక నిబంధన: ‘ల్యాప్‌టాప్ ఎవ్వరూ తేవద్దు.’

"కాకినాడ మా పుట్టిల్లండి రవీందర్ గారూ, ప్లానింగ్ నాకొదిలేయకూడదూ?" అంది మేనేజరు సంయుక్త. "అసలు మీరెప్పుడైనా సముద్రం చూశారా?"

"చూడలే మేడం. అయితేంది? ఇరవై మందిమి పోతం, ఇరవై మందిమి వస్తం. జర ఫికర్ చేయకుండ్రి. ఒక్క గడబిడ అయినా నా పేరు రవీందరే కాదు."

రాయదుర్గంలో బండరాళ్లు తప్ప మరేమీ లేని రోజుల్లో పుట్టినవాడు. అందరి ముందూ మాట అన్నాక ఇక పరువంతా దాని మీదే ఉంది. అయినా ల్యాప్‌టాప్ లేకుండా గడప దాటడం అతని వల్ల అవుతుందా? టవల్లో చుట్టి సంచి అడుగున దాచుకున్నాడు.

మర్నాడు చీకటి విడవకముందే ఒడ్డున తలలు లెక్కపెట్టాడు. తనతో కలిపి ఇరవై. తాబేళ్ల కాపలాదారు బుల్లిబాబు గంపల్లోంచి పిల్లల్ని ఇసుక మీదికి వదిలి, "నూట పన్నెండండి," అన్నాడు. రవీందర్ అదీ రాసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అమెరికా క్లయింటు సర్వరు ఆగిపోయిందట. రెండే నిమిషాల పని కదా అనుకుని, నలభై అడుగులు వెనక్కి వెళ్లి, టవల్ విప్పి ల్యాప్‌టాప్ తెరిచాడు.

తాబేలు పిల్లలకు వెలుగు ఎటుంటే అటే సముద్రం. నూట పన్నెండూ వెనక్కి తిరిగాయి.

"అయ్యో, దారి తప్పినయ్!" అని టీములోని హరిత కేక పెట్టింది. పాపం సాయం చేద్దామని అందరూ ఫోన్లలో టార్చీలు వెలిగించారు. దాంతో పిల్లలు తలో దిక్కూ చెదిరాయి. బుల్లిబాబు నెత్తి బాదుకున్నాడు.

"బాబోయ్, లైట్లార్పండి! ఎవరూ కదలకండి, తొక్కేస్తారు!"

పందొమ్మిది టార్చీలు ఆరిపోయాయి. మిగిలింది ఒక్కటే వెలుగు, దాని వెనక రవీందర్ మొహం. సంయుక్త ఆ ల్యాప్‌టాప్‌నీ, అతన్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపుకే అతనికి చచ్చేంత సిగ్గేసింది. ఈలోగా చెదిరిన పిల్లలన్నీ మళ్లీ అటే పాకి వచ్చి అతని పాదాల చుట్టూ మూగాయి. గబుక్కున మూత వేయబోయాడు.

"ఇప్పుడార్పకండి సార్!" అని ఆపాడు బుల్లిబాబు. " చీకట్లో మళ్లీ చెదిరిపోతాయి. అది పట్టుకుని సముద్రంలోకి నడవండి, అవే వస్తాయి."

"లోపటికా? నాకు ఈత రాదన్నా!"

"మోకాలి లోతేనండి."

రవీందర్ తెరను పిల్లల వైపు తిప్పి, ఒక్కటీ కాలి కింద పడకుండా పాదాలు ఈడ్చుకుంటూ కదిలాడు. మొదటి అల తాకగానే ఒళ్లు ఝల్లుమంది. పారిపోదామనిపించింది. కానీ వెనక నూట పన్నెండు ప్రాణాలు తననే నమ్ముకుని వస్తున్నాయే! ల్యాప్‌టాప్ ఎత్తిపట్టి మోకాలి లోతులో నిలబడ్డాడు. అలలు ఒక్కొక్కదాన్నే అందుకుపోతుంటే బుల్లిబాబు లెక్కపెట్టాడు.

"నూట పదకొండు... ఆఁ, వచ్చిందండి మొండిఘటం! నూట పన్నెండు!"

ఆ మాటకు రవీందర్ రెండు చేతులూ పైకెత్తాడు. పెద్ద అలొకటి వచ్చి అతన్ని బోర్లా పడేసింది. అతను లేచాడు, ల్యాప్‌టాప్ లేవలేదు.

ఒడ్డున చప్పట్లు మారుమోగాయి. "ఈ ఊళ్లో పుట్టి పెరిగాను, ఇలా తాబేళ్లను సాగనంపినవాణ్ణి చూడలేదండీ," అంది సంయుక్త, కళ్లు తుడుచుకుంటూ. నిలువెల్లా తడిసిన రవీందర్ ఛాతీ రెండింతలైంది. అతను ఒడ్డున వదిలేసిన ఫోన్‌ను హరిత అందించి, సర్వరు దానంతటదే లేచిందని చెప్పింది. ఆ సంగతి ఇప్పుడెవరికి కావాలి?

సోమవారం ఆఫీసులో ల్యాప్‌టాప్ నష్టం ఫారం వచ్చింది. కారణం అన్నచోట, ‘నూట పన్నెండు మందిని క్షేమంగా ఇంటికి చేర్చుట’ అని తలెత్తుకుని రాశాడు.

సాయంత్రానికి జవాబొచ్చింది: ‘ఛార్జర్ మిగిలి ఉంటే జమ చేయగలరు.’