పదికి నాలుగు మార్కుల రిపోర్టరు

విలేకరికి జీతమిచ్చేది పత్రిక యజమాని అయితే కావచ్చు. కానీ ఆ విలేకరికి రాత నేర్పేది మాత్రం అభిమానులే! అందులోనూ బాస్కెట్‌బాల్ అభిమానులు!

ఈ మాట అంటే కొందరు ముఖం చిట్లిస్తారు. ఎడిటర్లున్నారు, జర్నలిజం కాలేజీలున్నాయి, మధ్యలో మీరెవరండీ అంటారు. అయ్యా, ఎడిటరు ఒక రిపోర్టును ఒక్కసారి చూస్తాడు, అదీ భోజనానికి లేవాలన్న తొందరలో. కాలేజీవాళ్ళు ఏడాదికోసారి పరీక్ష పెట్టి ఊరుకుంటారు. అభిమాని అలా కాదు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే రిపోర్టు తెరుస్తాడు, మొదటి వాక్యం సగం చదువుతాడు, తీర్పు చెప్పేస్తాడు. ఇంత శ్రద్ధ, ఇంత వేగం, పైగా పైసా ఖర్చు లేకుండా ఇంకెక్కడ దొరుకుతాయి?

నన్నడిగితే ఈ సౌకర్యం అన్ని వృత్తులవాళ్ళకీ కల్పించాలి. పళ్ళ డాక్టరు పన్ను పీకుతుంటే చుట్టూ ఓ యాభైమంది నిలబడి, పాత డాక్టరు పట్టకారు పట్టుకునే తీరే వేరు అంటుంటే, ఆ చేతికి ఎంత నిలకడ వస్తుందో ఆలోచించండి! విమానం కిందికి దిగుతున్నప్పుడు ప్రయాణికులు పైలటు గదిలోకి తొంగి చూసి, పదికి ఎన్నో చెబుతుంటే? జడ్జిగారు తీర్పు చదువుతుంటే వెనక బెంచీలవాళ్ళు, ఎత్తుగడ బాగుందిగానీ ముగింపు తేలిపోయింది అంటే? సమాజం ఎక్కడికో వెళ్ళిపోదూ!

నమ్మకం కుదరకపోతే మా ఊరి సంగతి వినండి.

మా ఊళ్ళో బాస్కెట్‌బాల్ అభిమానులందరికీ పెద్ద దిక్కు బ్రేకు బాబాయి. అసలు పేరు ఆయన డ్రైవింగ్ స్కూలు బోర్డు మీదుంది గానీ, అది రంగు వెలిసి చాలాకాలమైంది. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర విడిగా ఓ బ్రేకు పెట్టించుకుని, ఎదుటివాడు తప్పు చేయకముందే తొక్కేయడం ఆయన పని. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు.

సాయంత్రం ఆరు దాటితే ఆయన బతుకంతా మా బాస్కెట్‌బాల్ హాల్లోనే. అరిగిపోయిన చెక్క నేల, గుడ్డి లైట్లు, వాన పడితే ఓ మూల బకెట్టు, రెండో వరసలో ఆయన కుర్చీ. అందులో కూర్చుంటే మోకాళ్ళ నొప్పులు గుర్తుండవు, కట్టాల్సిన కరెంటు బిల్లు గుర్తుండదు. ఆ హాలు లేకపోతే సాయంత్రాలు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు. ఆ వేళప్పుడు ఆయన్ని ఇంట్లో ఏం చేసుకోవాలో మా పిన్నికీ తెలియదు.

మా జట్టు గురించి చాలాకాలం రాసిన పాతాయన సంగతే వేరు. ఓటమిని కూడా ఎంత ముచ్చటగా రాసేవాడంటే, చివరిదాకా చదివితేగానీ ఓడిపోయామని తెలిసేది కాదు. కొందరికి అప్పటికీ తెలిసేది కాదు. ఆయన రిటైరయ్యాక ఆ పనిలోకి ఓ కొత్తమ్మాయి వచ్చింది. అంతకుముందు మున్సిపల్ ఆఫీసు వార్తలు రాసేది. మురుగు కాలవలు, వీధిదీపాలు, కుళాయి నీళ్ళు. ఆటల పేజీ కావాలని తనే అడిగి మరీ తీసుకుందట. కొన్నాళ్ళు చూస్తాం, బాగుంటే ఉంచుతాం అన్నారట పత్రికవాళ్ళు. ఆ చూసే పని ఎడిటరుకెందుకు శ్రమ అని మావాళ్ళే నెత్తికెత్తుకున్నారు!

మొదటి రిపోర్టు మొదటి వాక్యంలోనే ఆ అమ్మాయి, "మన జట్టు ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయింది" అని రాసేసింది. ఎంత మొరటుతనం! చావు కబురైనా కాసిని మంచినీళ్ళిచ్చి చెబుతారు కదా అని బాబాయి ఫోన్ గ్రూపులో బాధపడ్డాడు. పదికి నాలుగు వేశాడు. ఆయన నాలుగంటే ఇక మిగతావాళ్ళు అయిదు వేయగలరా?

రెండో రిపోర్టులో ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో వివరంగా ఇచ్చింది. ఇది ఆటా, లెక్కల పుస్తకమా అన్నారు. మూడోదాంట్లో అంకెలు తగ్గించింది. లెక్కలు రానివాళ్ళు ఆటల పేజీకి ఎందుకొస్తారో అన్నారు. గెలిచిన రోజు ఆమె రాత వల్ల గెలుపు చప్పబడింది. ఓడిన రోజు, అలాంటి రాతలు చదివితే ఏ కుర్రాడికి బంతి వేయబుద్ధవుతుంది అన్నారు. మా సెంటరు ఆటగాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. ఆ నిచ్చెన ఎవరూ అడ్డం రాని ఫ్రీ త్రోలు కూడా వరసగా బయటికి వేస్తే, ఆ తప్పు కూడా గ్యాలరీలో కూర్చుని రాసుకుంటున్న ఆ అమ్మాయిదేనని తేలింది. పెన్ను చప్పుడుకు అతని ఏకాగ్రత చెదిరిందట!

ఇంత ఓపిగ్గా దిద్దేవాళ్ళు ఏ విలేకరికి దొరుకుతారు చెప్పండి?

అలా సాగుతుండగా ఓ రిపోర్టు చివరి పేరాలో ఆ అమ్మాయి ఇలా రాసింది: హాలు పడగొట్టి ఆ స్థలంలో కార్ల పార్కింగు కట్టాలని మున్సిపాలిటీ అనుకుంటోంది, ఆఫీసు గోడ మీద నోటీసు అంటించారు, వద్దనేవాళ్ళు ఈ నెల చివరి శుక్రవారం సాయంత్రం అయిదులోగా రాతపూర్వకంగా చెప్పాలి, ఎవరూ చెప్పకపోతే పని మొదలుపెడతారు, సొంత హాలు లేని జట్టును లీగులో ఆడనివ్వరు.

బాబాయి ఆ పేరా చదవగానే తల పట్టుకున్నాడు. మళ్ళీ మున్సిపాలిటీయే! మనిషి ఆటల పేజీకి వచ్చిందిగానీ మనసింకా మురుగు కాలవ దగ్గరే ఉంది! పాత అలవాటు పోలేదని రెండు మార్కులు కోసేశాడు.

పిన్ని వంటింట్లోంచి వచ్చి, హాలు తీసేస్తారటగా, చూశారా అని అడిగింది. నేనూ అదే అంటున్నాను, మ్యాచ్ రిపోర్టులో ఆ గొడవ ఎందుకు అన్నాడు బాబాయి.

అభిమానులు మెచ్చుకోలేదు కదా, ఆ అమ్మాయి దిద్దుకుంది. తరవాతి రిపోర్టులో ఆ సంగతి చివర్నుంచి తీసి మొట్టమొదట పెట్టింది. గ్రూపు భగ్గుమంది. మ్యాచ్ ఎక్కడ? స్కోరు ఎక్కడ? ఆ పై రిపోర్టులో మ్యాచ్‌ని ఒక్క వాక్యంలో ముగించి, నోటీసు సంగతి మాత్రం లావు అక్షరాల్లో వేయించింది. అరుస్తున్నట్టుంది, రాతలో నిగ్రహం లేదు అన్నారు. రెండూ అక్షరం పొల్లుపోకుండా చదివారు, గమనించండి. చదవలేదని మావాళ్ళను ఎవరూ అనలేరు!

బాబాయికి ఇక ఓపిక నశించింది. ఆట పరువు కాపాడాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. ఎడిటరుకు ఓ అర్జీ రాశాడు. విలేకరి తన దృష్టిని కోర్టు గీతల లోపలే ఉంచాలని, లేకపోతే ఆమెను మార్చాలని. స్కూలు కారు వేసుకుని వీధి వీధీ తిరిగాడు. బార్బరు గడ్డం సగంలో వదిలేసి సంతకం పెట్టాడు. మందుల షాపాయన పెట్టాడు, పాత విద్యార్థులందరూ పెట్టారు, లైసెన్సు రానివాళ్ళు కూడా పెట్టారు. హాలు గురించే కదా అని సగం మంది అడిగారు. హాలు గురించే, పెట్టండి అన్నాడు. ఆయన దృష్టిలో అది నిజమే మరి. పిన్ని కూడా అలాగే అనుకుని, చేతులు తుడుచుకుని వచ్చి, గుండ్రంగా తన పేరు రాసింది. ఎంత పెద్ద కట్ట తయారైందో! మా ఊళ్ళో ఇంతమందిని ఒక్క మాట మీదికి తేవడం అంతకుముందు ఎవరి వల్లా కాలేదు.

ఆ చివరి శుక్రవారం నాలుగు కావస్తుండగా కట్ట పట్టుకుని పత్రికాఫీసుకు బయల్దేరాడు. మున్సిపల్ ఆఫీసు దాన్ని ఆనుకునే ఉంటుంది. మెట్ల దగ్గర గాలికి కాగితాలు విడిపోతుంటే, మున్సిపల్ ఆఫీసులోకి వెళ్ళి కనబడ్డ మొదటి కౌంటర్లో గుండుసూది అడిగాడు.

కౌంటరు గుమాస్తా ఆ కట్టను చూసి సర్దుకుని కూర్చున్నాడు. "అభ్యంతరాలాండీ?"

"అవును. మీ మీద కాదులెండి."

గుమాస్తా గుండుసూది ఇచ్చి, మళ్ళీ వెనక్కి వాలాడు.

పత్రికాఫీసు ముందుగదిలో ఆ అమ్మాయే ఎదురైంది. అర్జీ తనమీదేనని తెలిశాక కూడా కూర్చోమని కుర్చీ లాగింది. పై కాగితం చదివింది. కింది సంతకాలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. గోడ గడియారం వైపు చూసింది. ఉద్యోగం పోయేలా ఉన్న మనిషి ఏం మాట్లాడాలి? కాళ్ళావేళ్ళా పడాలి, లేదా పోట్లాడాలి. ఈ అమ్మాయికి రెండూ చేతకాలేదు.

"ఇంకా గంట టైముంది బాబాయ్‌గారూ," అంది. "ఈ పై కాగితం ఒక్కటి మార్చి పక్క ఆఫీసులో ఇచ్చేయండి, నేను రాసిపెడతాను. నా సంగతి సోమవారం చూసుకోవచ్చు."

బాబాయి జాలిగా నవ్వాడు.

"చూశావామ్మా, ఇప్పుడు కూడా నీ ధ్యాస ఆట మీద లేదు."

కట్టను ఎడిటరు చేతికే ఇచ్చి, కాఫీ తాగి, ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాడు.

ఎడిటరు కూడా మనిషే కదా, అన్ని సంతకాలు చూస్తే చెమటలు పట్టవూ! సోమవారం ఆ అమ్మాయిని మళ్ళీ మున్సిపల్ వార్తలకే పంపించేశాడు. అక్కడ ఆమె రాసిన మొదటి వార్త మా హాలు గురించే. అభ్యంతరాలు ఒక్కటీ రానందువల్ల కూల్చివేత మొదలైందని రాసింది. చెక్క నేలను పలకలు పలకలుగా ఊడదీసి లారీకెక్కించడం రాసింది. నిచ్చెన వచ్చి, బుట్టను తనే విప్పి తీసుకెళ్ళడం రాసింది. ఇక చివరి పేరా: "గడువులోగా అభ్యంతరాల కౌంటరుకు వచ్చింది ఒక్కరే. ఆయన చేతిలో ఊరందరి సంతకాలూ ఉన్నాయి. గుండుసూది అడిగి తీసుకుని పక్క భవనంలోకి వెళ్ళారు."

గ్రూపు ఉప్పొంగిపోయింది! పదికి పది! ఎంత నిగ్రహం, ఎంత పొదుపు, ఏం ముగింపు! పాతాయన కూడా ఇలా రాయలేడన్నారు. ఆ వచ్చిందెవరని మాత్రం ఒక్కరూ అడగలేదు. వార్తలో ఉన్న విషయం గురించి మాట్లాడటం మావాళ్ళకు అలవాటు లేదు.

ఇప్పుడు చెప్పండి, నేనన్నది అబద్ధమా? నాలుగు మార్కుల పిల్లను పదికి తెచ్చింది ఎవరు? అభిమానులే! అంత బాగా రాయడానికి తగిన విషయం సమకూర్చింది ఎవరు? అదీ అభిమానులే! హాలు పోయింది, లీగులో జట్టు పేరు పోయింది, అయితేనేం, మా ఊరికి ఓ మంచి విలేకరి మిగిలింది.

మార్కులు వేయనిది బాబాయి ఒక్కడే. పిన్ని ఆయనతో మాట్లాడటం మానేసిందని విని, మొన్న సాయంత్రం ఆరింటికి డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళాను. ఆగి ఉన్న కారులో, పక్కసీట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆ పేపరుంది. ఎన్ని వేశావు బాబాయ్ అని అడిగాను.

పేపరు మడతపెట్టి పక్కన పెట్టాడు.

"దీనికి నేను వేయకూడదురా. ఈసారి పరీక్ష రాసింది నేను. చివరి గంటలో ఆ పిల్ల జవాబు కూడా చెప్పింది."