పర్మిట్ లేని ప్రోగ్రాం

పదకొండింటికల్లా పని ముగించి, మధ్యాహ్నం ఇంట్లో కాస్త నడుం వాల్చాలన్నది ఆ రోజు అబ్దుల్ జబ్బార్ ఆలోచన. 1988లో నడికుడి దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీకి కంప్యూటర్ ఒక్కటే, దాన్ని నడిపేవాడూ జబ్బార్ ఒక్కడే. ఏడాదిగా టెంపరరీ. ఆఫీసు కాగితాలు అచ్చు వేసే కొత్త ప్రోగ్రాం హైదరాబాదు నుంచి టేపు మీద వచ్చింది. దానితో సాయంత్రం నాలుగింటికల్లా డ్యూటీ లిస్టు తీస్తే పర్మినెంటు చేస్తామన్నారు.

కంప్యూటర్‌లో దేన్నైనా మార్చగల పెద్ద పాస్‌వర్డు మేనేజర్ మల్లేశ్వరరావు దగ్గరే ఉంటుంది. ఆయనేమో గురజాలలో మేనల్లుడి నిశ్చితార్థానికి వెళ్ళాడు. జబ్బార్‌కు దానితో పనిలేదు. తన పేరు మీదున్న డైరెక్టరీలోనే, అంటే కంప్యూటర్‌లో తనకిచ్చిన అరలోనే, ప్రోగ్రాంను నడిచే రూపంలోకి కంపైల్ చేసుకుంటే మిగతావేవీ చెక్కుచెదరవు. తేడా వస్తే తనది తను చెరిపేసుకుంటే సరి.

హెడ్ క్లర్కు గోవిందయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. ఆ ఫ్యాక్టరీలో పర్మిట్ మీద సంతకం పడందే బల్బు కూడా మార్చరు.

"పర్మిట్ ఏదయ్యా?"

"దీనికి అక్కర్లేదండీ. నా డైరెక్టరీలోనే చేసుకుంటన్నా. ఇంక దేన్నీ ముట్టుకోటంలా."

"సార్ లేకుండా పనులయిపోతే ఇంక సార్ ఎందుకు?"

జబ్బార్ తెర వైపు తిరిగి టైపు చేసుకుంటూ పోయాడు.

పర్మిట్ లేకుండా కొత్త ప్రోగ్రాం పెడుతున్నాడని చెప్పమని గోవిందయ్య డ్రైవర్ కోటయ్యను జీపులో గురజాల పంపాడు. కోటయ్యకు తెలిసినవల్లా ఇంజన్లే. "జబ్బార్ మిషనంతా ఇప్పేశాడంట సార్," అన్నాడు. మల్లేశ్వరరావు విస్తరి ముందు నుంచి లేచి, అదే జీపులో ఫ్యాక్టరీకి వచ్చాడు.

"అయిపోయింది సార్, లిస్టు తీయటమే," అన్నాడు జబ్బార్.

"లెగవయ్యా. పర్మిషన్ లేకుండా పెట్టిందీ ఒక ప్రోగ్రామేనా? నేను పద్ధతి ప్రకారం పెడతా."

"పెద్ద పాస్‌వర్డుతో వద్దు సార్. తప్పు కొట్టినా అది ఆపదు."

ఆకలి మీదున్న మేనేజర్ వినలేదు. కొత్తదానికి చోటు చేద్దామని పాత అచ్చు ప్రోగ్రాంను తీసెయ్యబోయి, ఆఫీసు ప్రోగ్రాములన్నీ ఉన్న డైరెక్టరీనే తీసేశాడు. కంప్యూటర్ ఎదురు చెప్పలేదు.

ఏడాదిగా తను రాసి పెట్టిన ప్రోగ్రాములన్నీ కళ్ళముందే పోయేసరికి జబ్బార్‌కు ఏడుపొచ్చినంత పనయింది.

"ఇప్పుడేందయ్యా చేసేది?" మేనేజర్ గొంతు మెత్తబడింది.

"నా డైరెక్టరీలోది అట్టాగే ఉంది సార్."

నాలుగింటికి పది నిమిషాలుందనగా లిస్టు అచ్చయి వచ్చింది.

మర్నాడు మేనేజర్ రిపోర్టు తయారు చేశాడు. పనిమంతుడేననీ, పర్మిషన్ లేకుండా పనిచేసే అలవాటుందనీ, ఇంకో ఆరు నెలలు టెంపరరీగానే చూడాలనీ అందులో రాశాడు. అచ్చు ప్రోగ్రాం ఇప్పుడు కంప్యూటర్‌లో జబ్బార్ డైరెక్టరీలో తప్ప ఇంకెక్కడా లేదు కాబట్టి, ఆ రిపోర్టును అచ్చు తీసి మేనేజర్ చేతికిచ్చిందీ జబ్బారే.