స్లిప్పమ్మకు స్లిప్పు ఎవరిస్తారు?

ఆ ఉదయం స్లిప్పమ్మ పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి. హెడ్డాఫీసు నుంచి వచ్చే ఆవిడ ముందు సంతకం పెట్టి పర్మనెంటు అయిపోవాలి. తన కుర్చీలో కూర్చుని గుండెలనిండా ఊపిరి పీల్చుకోవాలి. ఇంతే. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది?

నీటి మీటర్లు తయారుచేసే కంపెనీలో ఆమె రిసెప్షనిస్టు. గేటు పక్క గోడలో చిన్న అద్దాల కిటికీ, దాని వెనక ఆమె కుర్చీ, బల్ల మీద ఫోను, స్లిప్పుల పుస్తకం. బయటి మనిషి ఎవరైనా సరే, ఆమె సంతకం చేసిన స్లిప్పు లేనిదే గేటు దాటలేడు. అందుకే అసలు పేరు మరిచిపోయి అందరూ స్లిప్పమ్మ అనేవారు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉంది. ఇల్లు మారాలన్నా, పాపను మంచి బడిలో వెయ్యాలన్నా "కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో, వచ్చే ఏడు చూద్దాం" అనే మాట మీదే ఆ సంసారం నడిచింది. మనిషిని ఏడాదికోసారి చంపి మళ్ళీ బతికించే ఈ ఏర్పాటును కంపెనీలు వెసులుబాటు అంటాయి. ఎవరికి వెసులుబాటో మాత్రం చెప్పవు.

"మధ్యాహ్నం పన్నెండులోపు చేరకపోతే పోస్టు రద్దంటగా! ఇంకా ఆ జడేంటే, దారిలో వేసుకో!" అత్తగారు చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

"ఇంకా ఏడున్నరే అత్తయ్యా."

"ఏడున్నరే కదా అనుకున్నవాళ్ళే పన్నెండింటికి ఏడుస్తారు. నడువు!"

నడిచింది. గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే.

"నిన్న సాయంత్రంతో కాంట్రాక్టు అయిపోయింది కదా తమ్ముడూ, అందుకే. ఇవాళ పర్మనెంటు ఆర్డరిస్తారు. నువ్వు తలుపు తియ్యి," అంది కాపలా మనిషితో.

అతను మీసం నిమురుకుని ఆలోచించాడు. "తీద్దును అక్కా. కానీ ఇప్పుడు నువ్వు కాంట్రాక్టు కాదు. పర్మనెంటూ కాదు. అంటే బయటి మనిషివి."

"అయితే?"

"స్లిప్పు కావాలి."

అతను చెడ్డవాడు కాదు. అతనిదీ కాంట్రాక్టే. ఇతనికి ముందున్న కాపలా మనిషి, సూటు చూసి మోసపోయి ఎవరినో స్లిప్పు లేకుండా పంపితే మేనేజరు ఆ సాయంత్రమే ఇంటికి పంపేశాడు. పైగా "స్లిప్పు లేకపోతే బ్రహ్మదేవుడొచ్చినా పంపకు" అని ఇతనికి మొదటిరోజు పాఠం చెప్పింది సాక్షాత్తూ స్లిప్పమ్మే. గురువును మించిన శిష్యుడు దొరకడమూ ఒక శిక్షే.

"సరే, లోపలికి ఫోన్ చేసి మేనేజరుగారికి చెప్పు," అంది.

గేటు ఫోను మోగేది రిసెప్షనులోనే. కిటికీ అద్దంలోంచి ఇద్దరూ చూశారు. ఖాళీ కుర్చీ ముందు ఫోను గొంతు చించుకుంటోంది. స్లిప్పమ్మ చెయ్యి అలవాటుగా ముందుకు పోయి అద్దానికి తగిలింది.

"ఎత్తట్లేదక్కా," అన్నాడతను.

"ఎత్తాల్సింది నేనే కదరా!"

మేనేజరు సెల్లుకు చేసింది. ఉదయంపూట చిరాకులు తగలకుండా, తనకొచ్చే ఫోన్లన్నీ రిసెప్షనుకు మళ్ళించుకోవడం ఆయన అలవాటు. ఆ ఫోనే మళ్ళీ మోగింది.

కార్డులున్న సిబ్బంది "సార్‌కి చెబుతాంలే" అంటూ లోపలికెళ్ళి మరిచిపోయారు. ఈలోగా బయటివాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టు కిటికీ ముందు పోగయ్యారు. అందరికంటే ముందు ఒక తాత, చేతిసంచిలో మీటరు. "కుళాయి కట్టేసినా తిరుగుతోందమ్మా ఇది. కిటికీ ఎప్పుడు తీస్తారు?"

"నేను లోపలికెళ్ళాక తాతా."

"నువ్వెప్పుడెళ్తావు?"

"కిటికీ తీశాక."

తాత ఆమెనీ మీటరునీ మార్చి మార్చి చూశాడు. రెంటిలో ఏది చెడిందో తేల్చుకోలేకపోయాడు.

పదకొండు దాటాక పైఅంతస్తులోంచి మేనేజరు ఆ గుంపును చూశాడు. గుంపు మధ్యలో స్లిప్పమ్మ కబుర్లు చెబుతూ కనిపించింది. ఆయనకు కోపం నషాళానికంటింది. "ఇంకా సంతకం కాలేదు, అప్పుడే పర్మనెంటు పొగరు!" అంటూ చొక్కాతోనే మెట్లు దిగి, గేటు దాటి బయటికొచ్చాడు. గేటు ఆయన వెనక టక్కున మూసుకుంది. కార్డు కోటు జేబులో ఉంది. కోటు కుర్చీకి వేలాడుతోంది.

స్లిప్పమ్మను తిట్టాల్సినంత తిట్టి, ఆమె చెప్పింది సగం విని, వెనక్కి తిరిగాడు. "తలుపు తియ్యి."

"కార్డు సార్?" అన్నాడు కాపలా మనిషి.

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. 'కార్డు లేకపోతే నన్నైనా ఆపు' అని ఇక్కడ అంటించింది మీరే," అంటూ గోడ మీది నోటీసు చూపించాడు. కింద మేనేజరు సంతకం, సంతకం కింద రెండు గీతలు.

"ఇప్పుడు తియ్యకపోతే నీ ఉద్యోగం తీసేస్తా!"

"తీస్తే రూలు తప్పానని తీసేస్తారు. తియ్యకపోతే మాట వినలేదని తీసేస్తారు. ఎలాగూ పోయేదాన్ని రూలు ప్రకారమే పోనివ్వండి సార్."

మేనేజరు పైకి చూసి రెండు చేతులూ ఊపాడు, ఎవరైనా కోటు తెస్తారని. పైనున్నవాళ్ళకు కోటు సంగతేం తెలుస్తుంది? మేనేజరు చొక్కాతో వీధిలోకి పరుగెత్తి చేతులు ఊపుతున్నాడంటే ఒకటే అర్థం. మంటలు! అలాంటప్పుడు సంచులూ కార్డులూ ఎక్కడివక్కడ వదిలి రావాలని వాళ్ళకు శిక్షణ ఇచ్చారు. శిక్షణంతా తుచ తప్పకుండా పాటించి, ఆఫీసు మొత్తం బయటికొచ్చేసింది. బయటికి రావడానికి స్లిప్పు అక్కర్లేదు కాబట్టి కాపలా మనిషి అందరికీ మర్యాదగా గేటు తీసి, మర్యాదగా మూశాడు.

"ఎవరు రమ్మన్నార్రా మిమ్మల్ని?" మేనేజరు అరిచాడు.

"మీరే ముందొచ్చారుగా సార్," అన్నాడు లెక్కల గుమాస్తా. "ఇంతకీ మంట ఎక్కడ?"

"నా కడుపులో!"

అప్పుడొచ్చింది హెడ్డాఫీసు ఆవిడ, చేతిలో ఆర్డరుతో. కాపలా మనిషి ఆమెనూ స్లిప్పడిగాడు. ఆమె గడియారం చూసింది. పన్నెండు కావస్తోంది. "చేరిక ఆఫీసులోనే జరగాలి. ఇది రోడ్డు. గడువు దాటితే నేనేం చెయ్యలేను, పోస్టు పోతుంది," అంది.

ఇన్నేళ్ళూ స్లిప్పమ్మ గేటు కాసింది. ఆ గేటే ఇప్పుడు ఆమెకు అడ్డం పడింది. పాప బడి కళ్ళముందు మెదిలింది. "మేడమ్, నేను ఏడున్నరకే ఇంట్లో బయల్దేరాను," అంది.

మీటరు తాతకు ఓపిక నశించింది. "ఆఫీసంటే గోడలా తల్లీ, మనుషులా? లోపల ఈగ కూడా లేదు. మేనేజరు ఇక్కడ, గుమాస్తాలు ఇక్కడ, ఫిర్యాదు చేసే నేనూ ఇక్కడే. ఇదే ఆఫీసు!"

"అవును మేడమ్, ఇదే ఆఫీసు!" అని సిబ్బంది అంతా అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది మేనేజరే. ఎండ ఆయన బట్టతలను ఒప్పించింది.

కాపలా మనిషి స్టూలు మీద ఆర్డరు పెట్టి స్లిప్పమ్మ సంతకం చేసింది. హెడ్డాఫీసు ఆవిడ ముద్ర వేసింది. ఎక్కడో పన్నెండు గంటలు మోగాయి.

సెల్లు కూడా మోగింది. "పన్నెండైందే! ఏమైంది?" అత్తగారు.

"అయిపోయిందత్తయ్యా."

"పోస్టా?"

"కాంట్రాక్టు."

అవతల ముక్కు చీదిన శబ్దం. "పాపను ఆ బడిలో వేసేద్దామే," అంది అత్తగారు.

స్లిప్పమ్మ కళ్ళు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. హెడ్డాఫీసు ఆవిడ దగ్గర తెల్లకాగితాలు తీసుకుని చేత్తోనే గళ్ళు గీసింది. "లైనులో రండి."

మేనేజరు తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఎవరిని కలవాలండీ?"

"నేను మేనేజర్ని!"

"ఆయన లోపల లేరు సార్. ఇంకెవరినైనా చెప్పండి."

"లోపల ఎవ్వరూ లేరు కదమ్మా!" ఆయన గొంతు ఏడుపులోకి దిగింది.

"పోనీ రిసెప్షనిస్టును అని రాస్తా. వచ్చిన పని?"

రోజూ ఆయన చేసే పనేమిటో తెలుసుకోవాలని సిబ్బందికి ఏనాటినుంచో కుతూహలం. అందరూ మెడలు చాచారు.

"తొందరగా తేల్చు నాయనా, వెనక లైనుంది," అన్నాడు తాత.

"పర్యవేక్షణ," అన్నాడు మేనేజరు చివరికి. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఒక్కొక్కరే లోపలికెళ్ళారు. చివరికి గేటు బయట ఆమె, కాపలా మనిషి మిగిలారు.

"నీ కార్డింకా బతకలేదక్కా," అన్నాడతను బెరుగ్గా.

"తెలుసురా," అని నవ్వి తనకు తనే స్లిప్పు రాసుకుని సంతకం చేసి ఇచ్చింది.

అతను శ్రద్ధగా చదివాడు. "తిరిగెళ్ళే టైము రాయలేదక్కా."

ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.