పొగచూరిన బట్టల మూటలో ఖూనీ

ఎవరినైనా క్షమిస్తాను గానీ, చెరుకు కాంటా దగ్గర చీటీలు రాసే రాజలింగును మాత్రం క్షమించను. నేను నాలుగో తరగతితో బడి మానేసిన మనిషిని. వాడు అద్దెకు తెచ్చి మూడు వందల డిటెక్టివ్ నవలలు చదివాడు. నష్టం ఎక్కువ జరిగింది వాడి చదువు వల్లనే.

అరవై ఎనిమిది మార్చిలో ఒక శుక్రవారం పొద్దున, ఎడపల్లిలో మా ఇల్లు అంటుకుంది. పొయ్యిలోంచి రవ్వ ఎగిరి చూరు మీద పడింది. ఊరంతా వచ్చి ఆర్పారు. మనుషులం బతికాం. బట్టలు, చెప్పులు పొగచూరి నల్లబడ్డాయి. కాలని వెనకగదిలో దాచిన రెండు బస్తాల పసుపు కొమ్ములు మాత్రం లేవు. సోమవారం పొద్దున్నే వాటిని నిజామాబాద్ గంజి మార్కెట్లో అమ్మి, మధ్యాహ్నంలోగా బయానా పోను మిగతా సొమ్ము కట్టకపోతే, నేను ఇరవై ఏళ్లుగా కౌలుకు దున్నుతూ కొనుక్కుంటానన్న పొలాన్ని దాని యజమాని బాలన్న ఇంకొకరికి రిజిస్ట్రీ చేస్తాడు.

అప్పుడు దిగాడు రాజలింగు. "భయపడకు పోశన్నా! నేరమనే చీకట్లో రాజలింగు అనే టార్చిలైటు వెలిగింది!"

చేతిలో నిజంగానే టార్చి ఉంది, ఎర్రటి ఎండలో. బ్యాటరీలు మాత్రం లేవు.

"నా బస్తాలు దొరికితె సాలు," అన్నాను.

"బస్తాలు చిల్లర సంగతి. ఇక్కడ ఘోరమైన ఖూనీ జరిగింది. శవాన్ని దాచడానికే నిప్పు పెట్టారు!"

"శవం యాడున్నదే?"

"చూశావా, ఎంత బాగా దాచారో!"

మంట ఆర్పడానికి వచ్చినవాళ్ల చొక్కాలూ మసిబారాయి. మన కోసం ఖరాబైన బట్ట మనమే ఉతికించి ఇవ్వడం మర్యాద. అందరి బట్టలూ తెప్పించి చాకలి సాయవ్వ ముందు కుప్ప పోశాను.

"మసి మీద నీళ్లు వొయ్యకుండ్రి, ఇంకింత పట్టుకుంటది," అంది సాయవ్వ. "ముందుగాల దులపాలె, ఎండల ఎయ్యాలె. ఎనుక సౌడు మట్టిల ఉడకవెడ్త."

అప్పటికే రాజలింగు నా పెండ్లికోటు మీద చెంబెడు నీళ్లు గుమ్మరించి, వేలిముద్రలు తేలాలని రుద్దుతున్నాడు. ముద్రలు తేలలేదు. కోటు బొగ్గుల సంచిలా తయారైంది.

నా భార్య పెంటవ్వ నా బూట్లను పొడిగుడ్డతో తుడిచి, ఆముదం రాసి, పొగవాసన పోవాలని వేపాకు కుక్కి ఎండలో పెట్టింది. రాజలింగు వాటిని పరీక్ష కోసమని తొడుక్కుని మసిలో నడిచాడు. కాసేపటికి వెనక్కి చూసి అరిచాడు.

"హంతకుడి అడుగుజాడలు!"

ఆ జాడల వెంట ఇంటి చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. చుట్టుచుట్టుకూ జాడలు పెరిగాయి.

"ఒక్కడు కాదు, ముఠా! నలుగురు! దారంతా విషపు ఆకులు రాల్చుకుంటూ పోయారు!"

"అయి మా ఇంటాయన బూట్లల్ల నేను వెట్టిన యాపాకులు!" అంది పెంటవ్వ. వాడు వినకుండా అవే బూట్లతో ఠాణాకు పోయి, దరఖాస్తు ఇచ్చి జమేదారును వెంటబెట్టుకొచ్చాడు.

"సచ్చిందెవలు?" అన్నాడు జమేదారు.

"అదే రహస్యం!"

జమేదారు అది కూడా రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున సాయవ్వ బట్టలుడికే బట్టి తెరిచింది. చొక్కాలవాళ్లంతా, జమేదారూ వచ్చి నిలబడ్డారు. ఆమె కట్టెతో ఒక తెల్లచొక్కా పైకెత్తింది. కుడిభుజం మీద ఎర్రగా అరచెయ్యంత మరక.

"నెత్తురు!" అని అరిచి రాజలింగు నా వెనక నక్కాడు.

"ఓ కొడుకా, అది..." అనబోయింది సాయవ్వ.

"నిశ్శబ్దం! ఈ చొక్కా తొడిగినవాడికి ఉరికంబం ఖాయం!"

చొక్కా మా పక్కింటి కాశయ్యది. అంతదాకా పుణ్యానికి ఉతుకు దొరికిందని నవ్వుతున్నవాడు జమేదారు కాళ్ల మీద పడ్డాడు.

"సాబ్, నేనెవల్ని సంపలె! అందరు ముందట మంట ఆర్పుతుంటె, ఎనుక నుంచి రెండు పసుపు బస్తాలు మోసుకపోయిన. గంతే! నా కొట్టంల గడ్డి కిందున్నయి, తీస్కపోండ్రి!"

"గదే సెప్పబోతున్న," అంది సాయవ్వ. "పసుపుల సున్నం కలిపితె ఎట్ల ఎర్రగైతదో, సౌడు తగిలినా గట్లనే. దిష్టినీళ్లు ఎన్నడు సూడలేదా, కొడుకా?"

మసి కింద ఉన్న పసుపు కాశయ్యకే కనబడలేదు.

"నేను మొదటే ఊహించాను," అన్నాడు రాజలింగు నా వెనక నుంచి బయటికొచ్చి.

బస్తాలు కుట్టు విప్పకుండా దొరికాయి. నా ప్రాణం లేచొచ్చింది. గబగబా బండి కట్టాను. జమేదారు లాఠీ అడ్డం పెట్టాడు.

"యాడికి? ఇది ఖూనీ కేసు మాల్. ముద్ర వెయ్యాలె."

"ఖూనీ యాడిది సాబ్? పసుపు గద!"

"కాయిదంల ఖూనీ అని వడ్డది. సచ్చినోడు దొరికేదాక బస్తాలు ఠాణాలనే ఉంటయి."

రాజలింగు గల్లా పట్టుకున్నాను. "నీ దరఖాస్తు వాపస్ తీస్కో!"

"పోశన్నా," అన్నాడు వాడు బాధగా, "ఒక అమాయకుడి ఆత్మను గాలికి వదిలేయమంటావా?"

సోమవారం మధ్యాహ్నం బాలన్న పొలం రుద్రూర్ ఆసామికి రిజిస్ట్రీ అయింది. శవం ఇంతవరకూ దొరకలేదు. పోయింది నా పొలమే: ఎకరం పదకొండు గుంటలు.