ఆంజనేయులు నేర్పిన గంతులు

పేరులో ఆంజనేయుడున్నాడేగానీ, సీతారామాంజనేయులు వీధి కాలవ దాటాలన్నా ఎవరి భుజమో పట్టుకునే మనిషి. దర్శిలో పురుగుమందుల కొట్టు. భార్య గీతాంజలి పరుగు మొదలెట్టిన రోజే ఆయన కష్టాలూ మొదలయ్యాయి.

ఒంగోల్లో ఆడవాళ్లకి అయిదు కిలోమీటర్ల పందెమని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ తెల్లవారుతూనే పత్తి చేల మధ్య డొంకదారి పట్టేది. ఇడ్లీలు ఆయన వంతయ్యాయి. ఆ ఇడ్లీ చట్నీలో మునగదు. చట్నీయే భయపడి పక్కకి జరుగుతుంది.

వారం భరించి, ఫోనులో వెతికి, ఒక ఉపాయం పట్టాడాయన. పరుగెత్తేవాళ్ల కాళ్లకి బలం, చురుకు రావడానికి గంతుల శిక్షణట. మొదటి రోజుకి ఇరవై గంతులని ఉంటే, కాగితం మీద రాసేటప్పుడు పక్కన ఇంకో సున్నా చుట్టాడు. కాళ్లు పట్టేస్తే ఆవిడే వంటింట్లోకి వచ్చేస్తుందని ధీమా.

"గీతా! ఈ గంతులు లేకపోతే నీ పరుగంతా దండగే."

"రెండొందలా?"

"పందెమంటే మాటలా మరి!"

"అయితే ఒకసారి చేసి చూపించండి. చూస్తేగానీ నాకు రాదు."

"నేనా?"

"నేర్పేది మీరేగా!"

తప్పలేదు. లుంగీ ఎగ్గట్టి, మడత పెట్టిన మిరపకాయల గోతాం మీంచి దూకడం మొదలెట్టాడు. మొదటి గంతుకి కోళ్లు గోడెక్కాయి. పదో గంతుకి పక్కింటి హనుమాయమ్మ, భూకంపమేమోనని వీధిలోకి పరిగెత్తింది. పదిహేడో గంతుకి కిందికి దిగినవాడు మళ్లీ లేవలేదు.

"నడుం పట్టిందాండీ?"

"పట్టలేదే. వదిలేసింది!"

నడుముకి మందు రాస్తూ గీతాంజలి మెల్లగా అంది. "ఆ శిక్షణ నేనూ ఫోనులో చదివాను. ఇరవయ్యేగా?"

"ఎప్పుడు చదివావ్?"

"మీరు గోతాం పరవకముందే."

ఆయన మొహం దిండులో దాచుకున్నాడు.

ఆ సిగ్గుతోనే మర్నాటి నుంచీ నిజంగా సాయానికి దిగాడు. వారానికి రెండు రోజులే గంతులు, మధ్యలో విశ్రాంతి. దూకితే పిల్లి దిగినట్టు చప్పుడుండకూడదు. లెక్కపెడుతూ, నడుం కుదుటపడ్డాక పక్కనే తనూ నాలుగు గంతులు వేస్తూ, ఎనిమిది వారాలు గడిపాడు. ఆవిడ కాళ్లకి రెక్కలొచ్చినట్టయింది. తను పోయి పోయి ఈ కాళ్లనా పడగొట్టాలనుకున్నానని ఆయనకే అనిపించింది.

ఒంగోలు పందెంలో ఆఖరి రెండొందల గజాలకి గీతాంజలి మూడో స్థానంలో ఉంది. "ఎగురు గీతా, ఎగురూ!" అంటూ ఈయన తాడు అవతల తనే ఎగురుతున్నాడు. ఆవిడ ఒక్క ఊపున ఒకరిని దాటింది. ముగింపు గీత ఇంకా పది గజాలుందనగా రెండో ఆవిణ్ణీ దాటేసింది. ఫస్టు!

"ఎవరమ్మా మీ కోచ్?" అని మైకులో అడిగారు.

"మా ఆయనేనండీ!"

చప్పట్లు. ఆయన కళ్లు తుడుచుకుని, ఛాతీ విరుచుకుని, నలువైపులా దణ్ణాలు పెడుతున్నాడు. ఇంతలో మైకు మళ్లీ మోగింది.

"తర్వాత, నలభై దాటిన మగవాళ్ల పరుగు. మొదటి పేరు, దర్శి సీతారామాంజనేయులు గారు!"

"ఏమే, నా పేరెవరిచ్చారు?"

అప్పటికే గీతాంజలి ఆయన చొక్కాకి నంబరు తగిలిస్తోంది.

"కదలకండి. పిన్ను గుచ్చుకుంటుంది."