శవానికీ ఓ మూట

ఆదివారం పొద్దున కాఫీలు కాగానే అత్తగారిని కూడా ఆటలో కూర్చోబెట్టాలని అల్లుడి పథకం. అతను కథ చెబుతూ ఉంటాడు, మిగతావాళ్ళు అందులో వీరులై, తలో చెక్కబొమ్మ నడుపుతూ, పాచికలు వేసి శత్రువులతో పోరాడతారు. ఆటకు సరిపడా పెద్ద బల్ల ఉన్నది అత్తగారింట్లోనే. ఆట నచ్చకపోతే ఆ బల్ల తీసేసి కుట్టు మిషను పెట్టుకుంటానని ఆవిడ ముందే చెప్పేశారు.

ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. అందుకని అల్లుడు బాగా ఆలోచించి మంత్రగత్తె వేషమిచ్చి, కథలో ఆ మంత్రగత్తె నడుముకి విషానికి విరుగుడు సీసా కూడా కట్టాడు. ఆవిడ కొడుకూ కూతురూ, అంటే అల్లుడికి బావమరిదీ భార్యా, యోధులు.

మొదటి పోరులోనే కోట కాపలావాడు కూలాడు. బావమరిది చేతులు రుద్దుకున్నాడు. "బూట్లు, ఉంగరం, కత్తి... అన్నీ లాగేస్తా బావా!"

అత్తగారి చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. "శవం మీద చెయ్యేస్తావా? నిన్ను నేనే కన్నానా?"

"ఆటమ్మా!"

"ఆటైతే? నా డ్యూటీలో పోయినవాళ్ళ ఉంగరం ఒక్కటి మాయం కాలేదురా. మూటగట్టి వాళ్ళవాళ్ళకి అప్పజెప్పేదాన్ని. కట్టు మూట!"

"వీడికెవరూ లేరత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"ప్రతి మనిషికీ ఎవరో ఒకరుంటారు బాబూ."

కుట్టు మిషను కళ్ళముందు మెదిలింది. అల్లుడు అప్పటికప్పుడు కాపలావాడికో పెళ్ళాన్ని పుట్టించి, "ఎలా పోయారండీ ఆయన?" అని ఆడగొంతుతో ఏడ్చాడు. మూట పట్టుకెళ్ళిన బావమరిదికి అబద్ధం తోచలేదు. "మేమే చంపామండీ," అన్నాడు. అత్తగారు నిర్ఘాంతపోయి, నిజంగానే కళ్ళొత్తుకున్నారు. పరిహారంగా కొడుకు కత్తి కూడా ఆ మూటలోకే పోయింది.

ఇక పడిన ప్రతివాడికీ ఒక మూట, ఒక ఏడుపు. కూతురి విల్లు ఒకడి తల్లికి, డాలు ఇంకొకడి చెల్లెలికి వెళ్ళిపోయాయి. కోట తాళంచెవి మొదటి మూటలోనే ఉందని అల్లుడు నసిగితే, "ఇచ్చినవి వెనక్కి అడుగుతామా?" అన్నారు ఆవిడ. దాంతో దొడ్డిదారిన వెళ్ళారు. అక్కడ విషసర్పం ఉంది. వీళ్ళ చేతుల్లో ఏమీ లేదు.

మొదటి కాటుకే మంత్రగత్తె చచ్చింది. రెండో కాటు బావమరిదికి పడింది.

"ఒరేయ్, నా నడుముకి విరుగుడుంది, తీసుకో!" అత్తగారు కేకేశారు.

బావమరిది చేతులు కట్టుకున్నాడు. "శవం మీద చెయ్యెయ్యనమ్మా. మూటగట్టి మీవాళ్ళకే ఇస్తాను."

"నా వాడివి నువ్వేరా, మొద్దూ!"

"పోయినవాళ్ళు మాట్లాడకూడదత్తయ్యా," అన్నాడు అల్లుడు భయంభయంగా.

పాచిక దొర్లింది. కొడుకు బొమ్మ ఒరిగిపోయింది. కన్నకొడుకు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూనే ఉన్నా, ఆ చెక్కబొమ్మ మీద ఆవిడ చేతిరుమాలు కప్పారు. ఇక కుట్టు మిషనే ఖాయం, ఎలాగూ బల్ల మొయ్యాల్సింది తనే కనక, అల్లుడు లేచి ఒక కొస పట్టుకున్నాడు.

"ఎక్కడికి బాబూ?" అన్నారు ఆవిడ. "మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టు."

ఈసారి కాపలావాడు ఇంకా కూలుతుండగానే, "తాళంచెవి ఏ జేబులో ఉంది బాబూ?" అంటూ అత్తగారు రబ్బరు గ్లవుజులు తొడుక్కున్నారు.