సీలు విప్పని బ్రేకు వాల్వు

బ్రేకులు సమంగా పడని పాత కారు ఇంట్లో ఉండటం ఆడదానికి గొప్ప వరం. నవ్వకండి! అనుభవం మీద చెబుతున్నాను.

మా షెడ్డులో ఉన్నది మా నాన్న కారు. ఏటా ఆగస్టులో ఆయన మమ్మల్ని అందులో ఫైలీ అనే ఊరి సముద్రతీరానికి తీసుకెళ్లేవాడు. ఆయన పోయాక అది నాకు వచ్చింది. నాకేమో నడపడం రాదు. "దీన్ని కొత్తదానిలా చేసి నిన్ను ఫైలీ తీసుకెళ్తాను, మార్జరీ" అన్నాడు మా ఆయన క్లిఫర్డ్. మాట తప్పే మనిషి కాదు. ఇప్పటికీ అంటూనే ఉన్నాడు.

అడ్డమల్లా ఒక్క వాల్వు. బ్రేకు తొక్కితే కారు బరువు ముందుకు ఒరిగి, వెనక భాగం తేలికవుతుందట. అప్పుడు వెనక చక్రాలకూ అంతే ఒత్తిడి వెళితే అవి బిగుసుకుపోయి, కారు గిర్రున తిరిగి వచ్చిన దారికేసి చూస్తుందట. అలా జరగకుండా వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించేదే ఈ గుప్పెడంత ముక్క. మాది తుప్పు పట్టి కూర్చుంది.

బజార్లో కొత్తరకం దొరకదా? ఎందుకు దొరకదు! కానీ మా ఆయన పాత కార్ల క్లబ్బు పోటీలో జడ్జి కారు కింద అద్దం పెట్టి మరీ చూస్తాడు. ఆ కాలపు వాల్వు కాకపోతే మార్కులు కోసేస్తాడు. కారు ఆగకపోయినా ఫరవాలేదు, మార్కులు తగ్గకూడదు.

నాకెన్ని లాభాలో చూడండి. పెట్రోలు ఖర్చు లేదు. మొగుడు ఎక్కడున్నాడా అని వెతకక్కర్లేదు, కారు కింద బూట్లు కనిపిస్తాయి. ఆదివారాలు క్లబ్బు మిత్రులు మా షెడ్డులో చేరి, ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని వాదించుకుంటూ నా బిస్కెట్లన్నీ ఖాళీ చేస్తారు. ఆ కాసేపు వాళ్ల ఇళ్లలో ఎంత ప్రశాంతతో! ఎన్ని కాపురాలు నిలబెట్టానో నాకే తెలియదు.

పోయిన వసంతంలో నార్వే నుంచి అసలు వాల్వు వచ్చింది. ఫ్యాక్టరీ అట్టపెట్టెలో, సీలు కూడా విప్పనిది. ఇక ఫైలీయే అని నేను ఎండటోపీ దులుపుకున్నాను. సాయంత్రం చూస్తే ఆ పెట్టె హాల్లో ఫైర్‌ప్లేస్ పైన, మా పెళ్లి ఫోటోకి అడ్డంగా ఉంది.

"బిగించవా?" అన్నాను.

"సీలు తీస్తే దీని పరువు పోదూ? ఇలాంటిది దేశంలో ఇంకోటి లేదు."

"మరి కారుకి?"

"కారుకి ఇంకోటి వెతుకుతున్నాగా."

క్లబ్బు మిత్రుడు నార్మన్ వచ్చి, టోపీ తీసి పెట్టె ముందు నిలబడ్డాడు. "చేత్తో ముట్టుకోకురా క్లిఫ్, చెమట మరక పడుద్ది" అన్నాడు.

మర్నాడు మా ఆయన గడ్డం గీసుకుంటుండగా వెన్న రాసే కత్తితో సీలు కోసేశాను. పరువు పోయిన వాల్వుని ఇక దాచి ఏం లాభం? కారు కిందికి దూరి బిగించాడు. రోడ్డెక్కే ముందు చేయించాల్సిన సర్కారు పరీక్షలో బ్రేకులు తూచినట్టు పడ్డాయి. నేను శాండ్‌విచ్‌లు పొట్లం కట్టాను.

"ఫైలీ రోడ్డు మీద కంకర లేస్తుంది, రంగు పోతుంది" అన్నాడు క్లిఫర్డ్, కారు మీద దుప్పటి కప్పుతూ. "బస్సులో వెళ్దామా బంగారం?"

వెళ్లాం. బస్సు ప్రతి స్టాపులోనూ చక్కగా ఆగింది.

అందుకే అక్కల్లారా, చెల్లెళ్లారా, మీ ఆయన వాల్వు దొరకలేదంటే దొరకనివ్వకండి. మొన్నటిదాకా నేను, నన్ను ఫైలీ తీసుకెళ్లనివ్వనిది బ్రేకులే అనుకుని హాయిగా ఉన్నాను.